జెండా కప్పరని ఎవరు చెప్పారు?

ఏటా పోలీసు అమరవీరుల దినం అక్టోబరు 21 దగ్గరపడేసరికి మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి ఒక సందేశం వచ్చి చేరుతుంది. ఈసారి దాన్ని పంపింది అంబాజీపేట మావయ్యగారు. కొబ్బరికాయ ధర తప్ప మరో విషయం గ్రూపులో పెట్టని మనిషి ఆయన. అలాంటాయన కూడా పంపారంటే అది ఎంత దూరం తిరిగి వచ్చిందో ఊహించుకోవచ్చు.

సందేశం సారాంశం ఇది: "సరిహద్దులో సైనికుడు చనిపోతే జాతీయ జెండా కప్పుతారు, అశోక చక్ర ఇస్తారు, అమరుడని ప్రకటిస్తారు. మన ఊళ్లో మన కోసం ప్రాణం ఇచ్చిన పోలీసుకు, ఫైర్‌మన్‌కు ఇవేవీ లేవు. వాళ్లకు జెండా కప్పడం చట్టప్రకారం నేరం. పేరు ఎక్కడా రాయరు. అమెరికాలో ఒక్క పోలీసు చనిపోయినా దేశమంతా జెండా సగానికి దించుతారు. ఇక్కడ భార్య చేతికి వచ్చేది ఒక శాలువా, ఒక ఫోటో. అందరికీ పంపండి."

నేను గోదావరి జిల్లాల్లో ఒక పోలీసు కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. విధి నిర్వహణలో చనిపోయినవారి ఫైళ్లు చాలాకాలం నా బల్ల మీదే ఉండేవి. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందుగా జెండా సంగతి. జాతీయ గౌరవానికి భంగం కలిగించడాన్ని నిషేధించే 1971 నాటి చట్టం జెండాను వస్త్రంలా దేనిమీదా కప్పకూడదంటుంది. అదే వాక్యంలో మినహాయింపూ ఉంది: ప్రభుత్వ లాంఛనాలతో జరిగే అంత్యక్రియలు, సాయుధ దళాల అంత్యక్రియలు, పారామిలటరీ దళాల అంత్యక్రియలు. కేంద్ర రిజర్వు పోలీసు (సీఆర్‌పీఎఫ్) జవాను ఆ మూడోదాంట్లోకి నేరుగా వస్తాడు. రాష్ట్ర పోలీసు విషయంలో రాష్ట్ర ప్రభుత్వం అధికార లాంఛనాలు ప్రకటిస్తే మొదటిదాంట్లోకి వస్తాడు. సందేశం రాసినాయన వాక్యంలో సగం చదివి ఆగిపోయారు. 2002 జెండా నియమావళి ఎలా కప్పాలో కూడా చెబుతుంది. కాషాయం తలవైపు ఉండాలి. జెండాను గోతిలోకి దించకూడదు, చితి మీద కాల్చకూడదు. నిప్పు పెట్టే ముందు తీసేస్తారు. అలా తీయడం చూసి "చివరికి జెండా కూడా లాగేసుకున్నారు" అని బాధపడ్డ బంధువులను నేను చూశాను. ఎవరైనా ముందే ఒక మాట చెప్పి ఉంటే ఆ బాధ ఉండేది కాదు.

అశోక చక్ర సైన్యానిదే అన్నది రెండో మాట. యుద్ధంలో శత్రువు ఎదుట చూపిన సాహసానికి పరమవీర చక్ర ఇస్తారు. అది సైన్యానిది, నిజమే. అశోక చక్ర 1952లో పుట్టిందే యుద్ధరంగానికి బయట చూపిన సాహసం కోసం. దానికి పోలీసులూ అర్హులే, మామూలు పౌరులూ అర్హులే. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగినప్పుడు ప్రాణం ఇచ్చిన సీఆర్‌పీఎఫ్ కానిస్టేబుల్ కమలేశ్ కుమారికి అది మరణానంతరం వచ్చింది. 2008 ముంబయి దాడిలో చౌపాటీ దగ్గర ఉగ్రవాది కసబ్ తుపాకీ గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని వదలని తుకారాం ఓంబ్లే అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్. చేతిలో లాఠీ తప్ప ఏమీ లేని మనిషి. ఆయనకు 2009లో ఇచ్చారు. అంత దూరం ఎందుకు, మావోయిస్టుల మీద పోరాడే మన పోలీసు దళం గ్రేహౌండ్స్ అధికారి కె. ప్రసాద్‌బాబుకు 2014 గణతంత్ర దినోత్సవం నాడు అశోక చక్ర ప్రకటించారు. తెలుగులో రాసిన సందేశంలో తెలుగువాడి పేరే లేకపోవడం నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది.

అశోక చక్ర ఎంత అరుదో చెప్పనక్కర్లేదు. దానికంటే ఎక్కువమందికి అందేవి శౌర్య పతకాలు. పోలీసు, అగ్నిమాపక, హోంగార్డు, జైళ్ల శాఖలకు విడివిడిగా ఉన్న పదహారు రకాల పతకాలను కలిపి నాలుగు చేశారు. 2024 గణతంత్ర దినోత్సవం నుంచి ఆ పద్ధతిలోనే ఇస్తున్నారు. అంటే ఫైర్‌మన్‌కూ పోలీసుకూ ఇప్పుడు ఒకటే రాష్ట్రపతి శౌర్య పతకం. శౌర్య పతకంతో నెలనెలా కొంత భత్యం ఉంటుంది. గ్రహీత పోయాక అది భార్యకు వెళుతుంది.

"అమరుడని ప్రకటిస్తారు" అన్నదాన్ని ఒక్క ముక్కలో తేల్చేయవచ్చు. ఆ ప్రకటన సైనికుడికీ లేదు. అమరుడు, షహీద్ అనే మాటలు అధికారిక పరిభాషలో లేవని రక్షణ శాఖ, హోం శాఖ రెండూ 2017లో కేంద్ర సమాచార కమిషన్‌కు చెప్పాయి. ఆ మాట జనం ఇచ్చేది, జనం పోలీసుకూ ఇస్తున్నారు.

పేరు ఎక్కడా రాయరా? ఢిల్లీ చాణక్యపురిలో జాతీయ పోలీసు స్మారకం ఉంది. ముప్ఫై అడుగుల ఎత్తు, 238 టన్నుల బరువున్న ఏకశిల. 2018 అక్టోబరు 21న ప్రారంభించిన నాటికి అక్కడి గోడ మీద 34,844 పేర్లు ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి విధి నిర్వహణలో పోయిన పోలీసుల పేర్లు అవి. అయితే ఆ గోడ పోలీసులదే, అందులో అగ్నిమాపక సిబ్బందికి చోటు లేదు. వాళ్ల రోజు ఏప్రిల్ 14. 1944లో ఆ రోజు బొంబాయి రేవులో పత్తి, పేలుడు పదార్థాలతో నిండిన ఓడ పేలి 66 మంది ఫైర్‌మెన్ చనిపోయారు. పాశర్లపూడిలో 1995లో గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండిన రోజులు చూసినవాళ్లకు, ఆ మంట ఎదుట గొట్టం పట్టుకుని నిలబడటం ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. అయినా ఏప్రిల్ 14న ఫైర్ స్టేషన్ గేటు దాటి లోపలికి వెళ్లే ఊరివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఈ విషయంలో మావయ్యగారి సందేశానికి సగం మార్కులు ఇస్తాను.

అక్టోబరు 21 ఎందుకన్నది కూడా చెప్పాలి. 1959లో ఆ రోజు లడఖ్‌లోని హాట్‌స్ప్రింగ్స్ దగ్గర చైనా బలగాల కాల్పుల్లో పదిమంది పోలీసులు చనిపోయారు. అప్పట్లో ఆ సరిహద్దును కాపలా కాసింది పోలీసులే. జిల్లా పరేడ్ మైదానంలో ఆ ఉదయం ఒకసారి చూడండి. తుపాకులు తలకిందులు చేసి, గొట్టం మొన బూటు మీద ఆనించి, తలలు వంచి నిలబడతారు. బ్యూగిల్ మోగుతుంది. తరువాత ఆ ఏడాది దేశమంతటా విధుల్లో పోయిన పోలీసుల పేర్లు చదువుతారు. మన వాళ్ల నోటికి తిరగని మణిపురి, కశ్మీరీ పేర్లు కూడా తడబడుతూనే పూర్తిగా చదువుతారు. మా కార్యాలయం వాళ్లం షామియానా చివర నిలబడేవాళ్లం. మంచుకు తడిసిన గడ్డిలో చెప్పులు తడిసి చల్లగా ఉండేవి. మంచినీళ్ల సీసాలు పంచే కుర్రాడు కూడా ఆ సేపు కదిలేవాడు కాదు.

అమెరికా సంగతి. 1962లో కెనెడీ మే 15ను శాంతిభద్రతల అధికారుల స్మారక దినంగా ప్రకటించారు. దేశమంతా జెండా సగానికి దిగేది ఆ రోజు. విధుల్లో ఒక పోలీసో, ఫైర్‌మనో చనిపోయినప్పుడు ఆ రాష్ట్ర గవర్నరు తన రాష్ట్రం వరకు జెండా దించమనవచ్చని 2018లో చట్టం చేశారు. గవర్నరు ఆదేశిస్తేనే ఆ పని జరుగుతుంది, అదీ ఆ రాష్ట్రంలోనే. కుటుంబానికి కేంద్రం డబ్బు ఇచ్చే చట్టం అక్కడ 1976లో వచ్చింది. దానికీ దరఖాస్తు ఉంది, మరణం విధుల్లోనే జరిగిందని రుజువులు ఉన్నాయి. కాగితం లేకుండా కదిలే ప్రభుత్వం ఏ సముద్రానికి అవతలా లేదు.

ఇక శాలువా, ఫోటో. అసలు నన్ను రాయించింది ఈ వాక్యమే. ఎక్స్‌గ్రేషియా ఉంది, కుటుంబ పింఛను ఉంది, కారుణ్య నియామకం ఉంది. ఇవి ఇంటికి నడిచి రావు, అడగాలి. కారుణ్య నియామకానికి మరణం జరిగిన ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలి. ఈ సందేశం చదివి "ఎలాగూ ఏమీ ఇవ్వరట" అని ఇంట్లో కూర్చున్నవాళ్లకు ఆ ఏడాది గడిచిపోతుంది.

అడిగినవాళ్లకూ సుఖం లేదు, ఒప్పుకుంటాను. మన వైపు అన్నవరం దేవుడి పేరు లేని ఇల్లు తక్కువ. సర్వీసు రిజిస్టరులో వీర వెంకట సత్యనారాయణ, ఆధార్‌లో సత్యనారాయణ, బ్యాంకు పుస్తకంలో సత్తిబాబు. ముగ్గురూ ఒకరే అని తహశీల్దారు రాసిచ్చేదాకా ఫైలు కదలదు. ఒకసారి ఒక లంక గ్రామం నుంచి వచ్చినావిడ పసుపుతాడు కట్టిన సంచిలోంచి పెళ్లి శుభలేఖ తీసి నా బల్ల మీద పెట్టింది. భర్త పూర్తి పేరు ఉన్న కాగితం ఆవిడ దగ్గర అదొక్కటే. శుభలేఖను ఏ కాలమ్‌లో రాయాలో నాకు తెలియలేదు. నకలు తీసి జత చేశాను. పై అధికారి దాన్ని పక్కన పడేయలేదు, అంతవరకు సంతోషం.

ఎవరైనా అడిగితే నేను చెప్పే మాట ఒకటే. స్టేషన్ జనరల్ డైరీలో ఆ రోజు ఆయన ఏ డ్యూటీకి బయల్దేరాడో రాసిన పుట ధ్రువీకరించిన నకలు ముందు తీసుకోండి. ఎఫ్ఐఆర్, పంచనామా, శవపరీక్ష నివేదిక దాని వెనకే వస్తాయి. విధుల్లో ఉన్నాడా లేదా అన్న ప్రశ్నకు మొదటి జవాబు ఆ పుటే.

హోంగార్డు విషయం వేరు. పతకానికి అర్హుడే, వరదలో పడవ ఎక్కేదీ జాతరలో తాడు పట్టుకుని నిలబడేదీ అతడే. కానీ అతడిది రోజువారీ భత్యం, పింఛను లేదు. సందేశం రాసినాయన పోలీసు అన్నచోట హోంగార్డు అని రాసి ఉంటే, మావయ్యగారితో పాటు నేనూ పదిమందికి పంపేవాణ్ణి.