నాలుగు పళ్లేలు తెమ్మంటే...

హన్మకొండలో ఎల్‌కేజీ చదివే పాపకు సాయంత్రమైతే ఒకటే పని: నోట్‌బుక్‌లో ఒకటి నుంచి వంద దాకా రాయడం. చుట్టాలొస్తే గడగడా అప్పజెబుతుంది కూడా. అదే పాపను అన్నాల వేళ ‘నలుగురం ఉన్నం, నాలుగు పళ్లేలు తే బిడ్డా’ అనండి. చేతికి అందినన్ని పట్టుకొస్తుంది. వంద దాకా వచ్చిన పిల్లకు నాలుగు రాదా అని తల్లికి టెన్షన్. పిల్ల తప్పేం లేదు. వరస నోటికి రావడం వేరు, లెక్క రావడం వేరు. ఒక్కో మనిషికి ఒక్కో పళ్లెం చొప్పున పెట్టడం, చివర పలికిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందని తెలియడం... లెక్క మొదలయ్యేది అక్కడ.

ఇందుకు కిట్లు కొననక్కర్లేదు. బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు వరస, దాని మీద గునుగు వరస; తర్వాత ఏది రావాలో పిల్లనే అడగండి. పైకి పోయేకొద్దీ పూలు తక్కువ పడుతున్నాయని తనే కనిపెడుతుంది. అష్టాచెమ్మలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే నాలుగు, అన్నీ బోర్లా పడితే ఎనిమిది. కొన్నాళ్లు ఆడిన పిల్ల ఎన్ని వెల్లకిలా పడ్డాయో వేలు పెట్టి లెక్కబెట్టదు, చూసి చెప్పేస్తుంది. రెండు సోలల బియ్యం పోస్తే తవ్వ నిండుతుంది. పోయనిస్తే ఆ సంగతి వాళ్లకే తెలుస్తుంది. గింజలు నాలుగు నేలపాలవుతాయి, ఊడ్చుకోవాల్సిందే. అన్నట్టు, పదమూడు అంటే పదీ మూడూ చెవికి వినబడతాయి. థర్టీన్‌లో ఆ పది ఏదో పిల్లలకు అందదు. ఇంగ్లిష్ మీడియం అయినా ఇంట్లో తెలుగు అంకెలు మాన్పించొద్దు.

మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, కనీస లెక్కలు రావాలని 2021 జులైలో కేంద్రం నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. 2026-27 గడువు. ఆ మూడో తరగతికి పునాది పడేది అంగన్‌వాడీలోనే. టీచర్లకు రిజిస్టర్లు, బరువులు, ఫోన్‌లో ఎంట్రీలతోనే పొద్దు గూకుతోందన్నది నిజమే. అందుకే అదనపు పని చెప్పడం లేదు. మధ్యాహ్నం గుడ్లు పంచే పని రోజుకో పిల్లకు అప్పగించాలని అధికారులను కోరుతున్నాం. ఒక్కొక్కరికి ఒక్కటి పెట్టుకుంటూ పోయి, ఇంకెన్ని మిగిలాయో ఆ పిల్లే చెప్పాలి. తప్పు చెబితే మళ్లీ లెక్కపెడుతుంది. గుడ్లు ఎక్కడికీ పోవు.