ఐదు పలకలతో సర్దుకోమంటే ఎట్లా?

మే నెల, మధ్యాహ్నం రెండున్నర. ఆ వేళకు కర్నూల్లో రోడ్డు మీద వడగాలి తప్ప ఎవరూ తిరగరు. మా అక్కవాళ్ళింట్లో కూలర్ ముందు కూర్చున్నాను. కూలర్లో నీళ్ళయిపోయి రెండు గంటలైంది, ఫ్యాను మాత్రం తన ఉద్యోగం తాను చేసుకుపోతోంది. పక్కన మా మేనల్లుడు ట్యాబ్‌లో తల దూర్చి ఏదో కడుతున్నాడు.

“ఏం జేస్తాండావ్‌రా అబ్బీ?”

“పడవ జేస్తాండా మామా.”

“ప్లాను ఏదిరా?”

“ప్లానేం లేదు. ఐదు పలకలు పెడితే పడవొస్తాది.”

నా గుండె కలుక్కుమంది. ముప్పయ్యేళ్ళకు పైగా డ్రాఫ్ట్స్‌మన్‌గా తూములు, కల్వర్టులు, అక్విడక్టులు గీసి రిటైరైనవాణ్ణి. నా డ్రాయింగుల్లో నీళ్ళు ఏనాడూ కాలువ నిండు మట్టానికి, అదే ఎఫ్‌ఎస్‌ఎల్‌కు బెత్తెడు తగ్గలేదు. నీలం ఇంకుతో ఒక గీత, దాని కింద మూడు పొట్టి గీతలు. అంతే, కాలువ నిండుగా పారేది. అలాంటివాడి కళ్ళెదుటే ప్లాను లేకుండా, ఎస్టిమేటు లేకుండా, పై సంతకం లేకుండా పడవ కట్టేస్తుంటే చూస్తూ కూర్చోవడం నావల్ల కాలేదు. మూడు రోజులు సెలవు పెట్టి (రిటైరైనవాడికి సెలవేంటి అంటారేమో, రైతుబజారు డ్యూటీ ఒకటుంది) ఆ ఆటను ఆమూలాగ్రం పరిశీలించాను. అందులో తేలిన లోపాలను, వాటికి నా సూచనలను సంబంధిత అధికారుల దృష్టికి తీసుకురావడానికే ఈ విన్నపం.

ఆట పేరు మైన్‌క్రాఫ్ట్. స్వీడన్‌లోని మొజాంగ్ కంపెనీ 2011లో పూర్తి స్థాయిలో విడుదల చేసింది. 2014లో మైక్రోసాఫ్ట్ దాన్ని 250 కోట్ల డాలర్లు పోసి కొనుక్కుంది. 2023 నాటికి 30 కోట్ల కాపీలు అమ్ముడుపోయాయట. అందులో నేలా చెట్టూ అన్నీ చదరపు దిమ్మెలే. ప్రపంచం ఈ కొస నుంచి ఆ కొసకు 6 కోట్ల దిమ్మెలు, దిమ్మె ఒక్కింటికి ఒక మీటరు. ఎటు పోయినా ఎక్కడో ఒకచోట సముద్రం తగులుతుంది. అంత సముద్రం పెట్టి మనిషికి ఏమిచ్చారయ్యా అంటే, తొట్టి లాంటి పడవ. కింది వరసలో మూడు పలకలు, పైన అటొకటి ఇటొకటి. ఇద్దరే పడతారు. 2022లో సామాను పెట్టె ఉన్న పడవను కూడా తెచ్చారు గానీ, పెట్టె ఎక్కితే రెండో మనిషి దిగిపోవాలట! ఈ ముక్క మా వీధి చివర షేర్ ఆటో అబ్బాయికి చెప్పాను. అప్పుడు అతని బండిలో పదకొండు మంది, రెండు గోధుమ మూటలు, ఒక మేకపిల్ల ఉన్నారు. కాసేపు ఆలోచించి, “వాళ్ళకు డ్రైవింగ్ రాదేమో సార్” అన్నాడు.

ఇక నచ్చినట్టు మార్చుకునే సౌకర్యం గురించి చెప్పాలంటే, ఏ చెట్టు కొడితే పడవకు ఆ చెట్టు రంగు వస్తుంది. అంతటితో సరి. తెరచాప లేదు, చుక్కాని లేదు, పేరు రాసుకోవడానికి పక్కన ఇంత చోటు లేదు.

అయితే సముద్రం అడుగున ఓడలున్నాయి! 2018లో వచ్చిన మార్పుల్లో మునిగిపోయిన ఓడలను పెట్టారు. విరిగిన తెరచాప కొయ్యలు, పగిలిన అడుగు, లోపల పెట్టెలు, నిధికి దారి చూపే పటాలు. అంటే ఎవరో ఎప్పుడో కట్టారన్నమాట. మనం మాత్రం ఒక్కటీ కట్టలేం. మునిగిన ఓడలే తప్ప తేలే ఓడ లేని లోకం. మావాడికి ఇదేమీ వింతగా అనిపించలేదు. కర్నూల్లో పుట్టి పెరిగాడు, ఎందుకనిపిస్తుంది?

మా వాకిట్లోంచి నాలుగు వీధులు దాటితే కేసీ కాలువ, అంటే కర్నూలు-కడప కాలువ. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా పోతుంది. దాన్ని 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వడం మొదలుపెట్టింది. సాగుకు మాత్రమే అనుకునేరు, పడవలు నడపడానికి కూడా. ఆర్థర్ కాటన్ దొరకు రైలు కంటే పడవ మీద ప్రేమ ఎక్కువ. పడవలు పల్లం నుంచి మెరకకు, మెరక నుంచి పల్లానికి పోవడానికి లాకులు కట్టారు. కంపెనీ లెక్కలు తప్పాయి, 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది. కొన్నాళ్ళు తిరిగిన పడవలు ఆ తర్వాత ఆగిపోయాయి. కాబట్టి కర్నూలువాడు ఓడల గురించి మాట్లాడితే నవ్వే వారికి మనవి: మాది జలరవాణా వారసత్వం. ఆ జలం సంగతి తర్వాత చూసుకుందాం.

ఆ జలం సంగతే ఆటలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది. రెండడుగులు అటు, రెండడుగులు ఇటు గుంత తవ్వి (అడుగంటే వాళ్ళ దిమ్మె), ఎదురెదురు మూలల్లో రెండు బక్కెట్ల నీళ్ళు పోస్తే గుంత నిండుతుంది. అందులోంచి ఎంత తోడినా మళ్ళీ నిండుతుంది. జీవితాంతం. బోరు లేదు, పాయింటు చూసే కొబ్బరికాయాయన లేడు, ఏడొందల అడుగులకు దుమ్ము లేవడం లేదు. మా అక్క కుళాయి వచ్చే రోజు కోసం తోమి బోర్లించిన బిందెలు సర్దుతూ ఇటు చూసింది. మావాడు తోడుతూనే ఉన్నాడు. ఒకటి, రెండు, పది, ఇరవై. అక్క చేతిలో బిందె అట్లాగే ఉండిపోయింది.

“ఆ బక్కెట్లు యాడ అమ్ముతార్రా?” అంది.

“ఇనుము మూడు ముక్కలుంటే మనమే చేసుకోవచ్చు మా.”

“ఇనుముకేం, మీ నాయన పాత సైకిలుంది కదా” అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ సైకిలు ఇప్పుడు మిద్దె మీద లేదు. నేనేమీ అడగలేదు.

అయితే స్వీడన్‌వాళ్ళు మన సాగునీటి శాస్త్రాన్ని బొత్తిగా తెలియనివాళ్ళని మాత్రం అనలేను. అక్కడ చదునైన నేల మీద నీళ్ళు ఊట దగ్గర నుంచి ఏడు దిమ్మెలు పారి ఆగిపోతాయి. ఎనిమిదో దిమ్మె రైతు ఎదురుచూస్తూ కూర్చోవాల్సిందే. చివరి ఆయకట్టు అంటే ఏంటో వాళ్ళకు ఎవరు చెప్పారో గానీ సరిగ్గా పట్టుకున్నారు. ఇంకో లోకం ఉంది, నెదర్ అంటారు. అక్కడ బక్కెట్ నీళ్ళు పోస్తే నేలకు తగలకముందే బుస్సుమని ఆవిరైపోతాయి. ఆ లోకం మే నెల కర్నూలేనని నా నమ్మకం. అక్కడి జీవులు మాత్రం మనకంటే కొంచెం మర్యాదగా క్యూలో నిలబడతాయి.

కోస్తావాళ్ళు అభ్యంతరం పెడతారని నాకు తెలుసు. సముద్రం మాది, రేవులు మావి, మధ్యలో మీరెవరు అంటారు. 1948లో ‘జల ఉష’ ఓడను విశాఖలో కట్టి నీళ్ళలోకి దింపారు, ఒప్పుకుంటాం. కానీ రోజూ సముద్రం చూసేవాడికి ఓడ ఒక మామూలు సంగతి. మాకు దగ్గరి సముద్రం 200 కిలోమీటర్ల పైమాటే. పక్క అనంతపురంవాళ్ళు చెరువుకే బుక్కరాయసముద్రమని పేరు పెట్టుకుని తృప్తి పడ్డారు. ఇంత దూరం నుంచి ఊహించేవాడికి ఉన్నంత స్పష్టత ఒడ్డున కూర్చున్నవాడికి ఉండదు. పెళ్ళి కానివాడు సంసారం గురించి చెప్పినంత వివరంగా పెళ్ళయినవాడు చెప్పగలడా? పైగా 1953 అక్టోబరు నుంచి 1956 నవంబరు దాకా మాది రాజధాని. రాజధాని వచ్చి పోయిన ఊరికి రేవు రావడం ఎంతసేపు?

సరే, సూచనలు.

ముందుగా పుట్టి, అంటే బుట్ట లాంటి గుండ్రటి పడవ కావాలి. 2023లో వెదురు తెప్ప ఒకటి తెచ్చారు, వెదురు ఎట్లాగూ ఉంది. దాన్ని గుండ్రంగా అల్లి, అడుగున తోలు తొడిగితే తుంగభద్ర పుట్టి అయిపోతుంది. ఈ కాలంలో తోలుకు బదులు ప్లాస్టిక్ పట్టా వేసి తారు పూస్తున్నారు, ఆ వెసులుబాటూ ఇవ్వాలి. పుట్టి గొప్పతనం ఏంటంటే, దానికి ముందూ వెనకా లేవు. తెడ్డు వేయడం రానివాడు ఎక్కితే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. ఎంతో శ్రమ కనిపిస్తుంది, ప్రయాణం ఉండదు. ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు అలవాటైన వాహనం.

పెద్ద ఓడ విషయానికొస్తే అసలు చిక్కు ఇంజనీరింగ్‌లోనే ఉంది. ఆ ఆటలో దిమ్మెలన్నీ గళ్ళకు అతుక్కుని ఉంటాయి. పడవ మాత్రం దిమ్మె కాదు, అది కోడి లాగ, ఆవు లాగ కదిలే వస్తువు. మనం దిమ్మె మీద దిమ్మె పేర్చి ఎంత ఘనమైన ఓడ కట్టినా అది ఇల్లే. తోసే యంత్రం ఉంది, పిస్టన్ అంటారు, అది ఒక్కసారికి 12 దిమ్మెలకు మించి కదపదు. అందుకని చుక్కాని దిమ్మె ఒకటి పెట్టాలి. దాన్ని తాకగానే దాన్ని అంటిపెట్టుకున్న దిమ్మెలన్నీ కలిసి ఒకే వస్తువైపోయి నీళ్ళమీద కదలాలి, ఒడ్డుకు వచ్చాక మళ్ళీ విడిపోయి గళ్ళలో కూర్చోవాలి. కొందరు ఆటగాళ్ళు మోడ్‌ల పేరుతో సొంతంగా ఇట్లాంటివి చేసుకుని తిరుగుతున్నారట. కాలువ గండిని రైతులే పూడ్చుకున్నట్టు.

బరువు లెక్క తప్పనిసరి చేయాలి. ప్రస్తుతం అక్కడ ఇసుక, కంకర లాంటివి ఏవో కొన్ని తప్ప ఏదీ కింద పడదు. పునాది తీసేస్తే మేడ గాల్లో వేలాడుతుంది. ఇది చూసి మా ఏరియా బిల్డర్ ఒకాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఓడకు అట్లా కుదరదు. కలపకింత, ఇనుముకింత, బండకింత అని బరువు కట్టి, అది తోసే నీళ్ళ బరువుతో పోల్చి, తేలాలో మునగాలో తేల్చాలి. బేతంచెర్ల బండలు పరిచిన డెక్కు మీద నడవాలని నాకెంతో ఆశ. కానీ లెక్క వేశాను, మునుగుతుంది. ఇసుకతో మాత్రం ఓడ కట్టనీయకూడదు, రాత్రికి రాత్రి ఎటో వెళ్ళిపోతుంది. మా నది ఒడ్డున చూస్తూనే ఉన్నాం.

అలంకరణలో వాళ్ళ పిసినారితనం చెప్పనలవి కాదు. తెరచాపకు జెండాలు వాడుకోవచ్చనుకుంటే, మగ్గం దగ్గర ఒక జెండాకు 6 నమూనాలకు మించి వేయనివ్వదు. ఆరు! మొన్న మా వీధిలో ఒకటో పుట్టినరోజుకు కట్టిన ఫ్లెక్సీలో ఇరవై మూడు తలకాయలున్నాయి, కళ్ళద్దాలు పెట్టుకున్నవి పద్నాలుగు. పిల్లాడి ఫొటో కింద మూలన, స్టాంపు సైజులో. తెరచాప అంటే గాలికి నిండుగా ఊగాలి, అందులో ‘అన్న’ నమస్కారం పెడుతూ ఉబ్బాలి. ముందు కొయ్యకు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు. వెనక ‘హారన్ ప్లీజ్’. ఒక్క మనవి, మా జిల్లా పేరు వినగానే ఓడల్లో సుమోలు పేల్చే సీను పెట్టకండి. సినిమావాళ్ళు పేల్చినవి చాలు.

నిబంధనల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం ఉంది, 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళు పట్టిందని అందులోనే ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలని, ఆరు దోషాలు ఉండకూడదని వరసగా చెక్కించాడు. మొదటి అంగం, ధర్మం తెలిసి, డబ్బుండి, కీర్తి కోరే రాజు. ఇందులో కీర్తి కోరడం వరకు మాకు ఏనాడూ లోటు రాలేదు. దోషాల్లో ఒకటి, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. తుంగభద్రకు ఇప్పుడు మూడు రాష్ట్రాలు. ఇంకోటి, నీళ్ళు తక్కువై నేల ఎక్కువవడం. ఆరువందల యాభై ఏళ్ళ కిందటే మా గురించి అంత వివరంగా రాసిపెట్టి, చెరువు మాత్రం దోషం లేకుండా కట్టుకుని పోయాడు మహానుభావుడు.

నీళ్ళు ఎక్కువవడం కూడా దోషమేనని ఆ శాసనంలోనే ఉంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్ళోకి వచ్చినప్పుడు మేం మిద్దె మీద నిలబడి ఉన్నాం. కింద వీధిలో ఒక ఆటో పక్కకు ఒరిగి, మెల్లగా తిరుగుతూ, పుట్టిలా పోయింది. ఆరోజు ఊళ్ళో ప్రతి ఒక్కరికీ పడవ కావాల్సొచ్చింది. ఆ తర్వాత మళ్ళీ ట్యాంకర్ దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డాం.

చివరి సూచన అతి ముఖ్యం: శిలాఫలకం దిమ్మె. ఓడ తయారీకి ముందు దాన్ని పాతకపోతే పలక కూడా కదలకూడదు. సర్వర్ యజమాని మారినప్పుడల్లా పాతది పక్కన ఉండగానే కొత్తది పాతాలి. ఇట్లా ఐదు చేరితే ఆటగాడికి ‘జలకళ’ అనే పతకం. ఓడ వచ్చిందా లేదా అన్నది వేరే శాఖ చూసుకుంటుంది.

ఇవన్నీ నీట్‌గా ఏ-3 షీట్ల మీద గీసి మావాడికి చూపించాను. పాపం, నా మాట కొట్టేయలేక రెండు రోజులు కూర్చుని నలభై దిమ్మెల పొడవు ఓడ కట్టాడు. మూడు తెరచాపలు, వంటగది, ఉగ్గాని బజ్జీకి వేరే కౌంటరు. కింద రెండు బక్కెట్ల పుణ్యాన ఎప్పటికీ ఎండని సముద్రం. నేను చుక్కాని దగ్గర నిలబడి చాలాసేపు చూశాను.

“ఇంక పోనీరా.”

“కదలదు మామా. చూడ్డానికే.”

“కదలకపోతే నష్టం లేదులే. రిబ్బన్ యాడ దొరుకుతాది?”

ఎర్ర ఉన్ని దిమ్మెలు ఐదు తెచ్చి ఓడ ముందు అడ్డంగా పెట్టాడు. ఆటలో కత్తెర కూడా ఉందట, రెండు ఇనుప కడ్డీలుంటే వస్తుంది. ఎవరిని పిలవాలన్నది ఇంకా తేలలేదు.