పేరు ఐలాది, లెక్క ఎవరిది?

2022 జులైలో ఆసియాకు చెందిన ఒక సంపన్న మహిళ ఒకే ఒక్క పీపా విస్కీని 1 కోటీ 60 లక్షల పౌండ్లు పోసి కొన్నారు. స్కాట్లండ్ పడమటి సముద్రంలోని ఐలా ద్వీపంలో, ఆర్డ్‌బెగ్ డిస్టిలరీలో 1975 నవంబరులో కాచిన సరుకది. అదే డిస్టిలరీని 1997లో గ్లెన్‌మోరంజీ కంపెనీ మొత్తంగా కొన్నప్పుడు పెట్టిన ఖర్చు 70 లక్షల పౌండ్లు. అప్పుడు బట్టీలు, భవనాలు, గోదాముల్లోని నిల్వలు కలిపినా, పాతికేళ్ల తర్వాత ఒక పీపా పలికిన ధరలో సగం కాలేదు. పీపా అమ్మకం సందర్భంగా ద్వీపవాసుల అవసరాలకు ఐదేళ్లలో 10 లక్షల పౌండ్లు ఇస్తామని ఆర్డ్‌బెగ్ ప్రకటించింది. ఇవ్వడం మంచిదే. కానీ ఆ పీపాకు అంత ధర తెచ్చిపెట్టింది ఏమిటని అడిగితే, కంపెనీ ప్రచారమే జవాబు చెబుతుంది: ఐలా గాలి, ఐలా నీరు, ఐలా మట్టి. వాటి వాటా పదహారింట ఒకటి.

మద్యం మీద సంపాదకీయమా అని కొందరు పాఠకులు నొచ్చుకోవచ్చు. దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించిన నేల మీద నిలబడి విస్కీ గొప్పలు పాడే ఉద్దేశం మాకు లేదు. మా ప్రశ్న తాగుడు గురించి కాదు, ఊరి పేరు గురించి.

ఇంగ్లిష్ అక్షరాలు చూసి చాలామంది ‘ఇస్లే’ అంటారు, పలకాల్సింది ‘ఐలా’ అని. మూడు వేల పైచిలుకు జనాభా, అంటే మన లెక్కలో ఓ మోస్తరు పంచాయతీ. అందులో పదికి తగ్గకుండా డిస్టిలరీలు. బౌమోర్ 1779 నాటిది. లఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్ 1815 నాటివి, లాగవూలిన్ వాటికి ఒక ఏడాది చిన్నది. దక్షిణ తీరాన ఈ మూడూ వరుసగా, నడిచి చుట్టి రాగలిగినంత దగ్గరలో ఉంటాయి. పొగవాసన విస్కీకి లోకం మొత్తం మీద చిరునామా ఆ కాస్త రోడ్డే.

ఆ పొగ మట్టిది. చెట్లు తక్కువ, బొగ్గు సముద్రం దాటి రావాలి. కాళ్ల కింద ఉన్నది మాత్రం పీట్. నాచు, తుప్పలు, గడ్డి నీళ్లలో నాని, పూర్తిగా కుళ్లకుండానే వేల ఏళ్లు పొరలు పేరుకున్న చిత్తడి మట్టి. దాన్ని ఇటుకల్లా కోసి ఎండబెట్టి పొయ్యిలో పెట్టడం అక్కడివాళ్లకు మనం పిడకలు చేసుకున్నంత మామూలు పని. విస్కీకి బార్లీని నానబెట్టి మొలకెత్తిస్తారు, మనవాళ్లు రాగిమాల్టుకు చేసినట్టే. మొలక ఆపడానికి ఆరబెట్టేటప్పుడు కింద పీట్ రాజేస్తే ఆ పొగలోని ఫినాల్స్ గింజ పొట్టుకు పట్టుకుంటాయి. రెండుసార్లు బట్టీ పెట్టినా, ఏళ్ల తరబడి పీపాలో ఉంచినా ఆ వాసన పూర్తిగా వదలదు. దాలిలో కాగిన పాలు తాగిన తరానికి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే ఇక్కడ పాలల్లోని కమ్మదనం బదులు టించరు, సముద్రపు పాచి, కాలిన తాడు గుర్తొస్తాయి. మన ఇళ్లలో నేల తుడిచే ఫినాయిల్‌కు ఆ పేరిచ్చిందీ ఫినాల్స్ కుటుంబమే. అమెరికాలో మద్యనిషేధం నడిచిన రోజుల్లో లఫ్రోయిగ్‌ను మందు కింద అమ్మగలిగారంటే, ఇది తాగి ఎవరైనా సంతోషిస్తారని అధికారులకు నమ్మకం కుదరలేదన్నది పాత చమత్కారం.

పీట్ ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. మీటరు లోతు తవ్వితే వెయ్యేళ్లు తవ్వినట్టు. ప్రపంచ భూభాగంలో 3 శాతమే అయినా, అడవులన్నీ కలిసి దాచుకున్న దానికన్నా ఎక్కువ కార్బన్ ఈ నేలల్లో ఉంది. తోటల కుండీల్లోకి తవ్వి అమ్మే పీట్‌తో పోలిస్తే విస్కీ వాడేది చాలా తక్కువన్న పరిశ్రమ వాదన నిజమే. ఆ మాట చెప్పి తప్పుకోలేరనడానికి ఐలాలోనే ఒక పాఠం ఉంది. 1985లో డ్యూయిక్ మాస్ అనే చిత్తడి నేలలో పీట్ తవ్వాలని ఒక విస్కీ కంపెనీ తలపెట్టింది. అది గ్రీన్లండ్ నుంచి శీతకాలానికి వచ్చే తెల్లనుదురు బాతుల ఆవాసం. పర్యావరణవాదులు అడ్డుపడ్డారు. టీవీలో ప్రసిద్ధుడైన వృక్షశాస్త్రవేత్త డేవిడ్ బెల్లమీ బౌమోర్‌లో బహిరంగసభకు వస్తే ద్వీపవాసులు ఆయన్ను మాట్లాడనివ్వకుండా కేకలేశారు. లండన్ నుంచి వచ్చి బాతుల కోసం మా పొట్ట కొడతారా అన్నది వాళ్ల కోపం. ఆ కోపాన్ని మేం తప్పుపట్టం. ఇక్కడ అభయారణ్యం సరిహద్దు పల్లెల్లోనూ అదే కోపం చూశాం. చివరకు కంపెనీ వేరేచోట పీట్ చూసుకుంది, డ్యూయిక్ మాస్ రక్షిత ప్రాంతమైంది. బాతులూ మిగిలాయి, బట్టీలూ ఆగలేదు. రెండిట్లో ఒకటే ఎంచుకోవాలని ద్వీపాన్ని భయపెట్టిన వాదన ఒట్టిదని తేలింది.

ఆనాడు సభలో కేకలేసినవాళ్లకు దక్కుతున్నది ఎంత? బార్లీలో అధికభాగం ప్రధానభూభాగం నుంచి వస్తుంది. పీపాలు అమెరికా బోర్బన్ కంపెనీలు, స్పెయిన్ షెర్రీ వ్యాపారులు వాడి వదిలినవి. కలీలా లాంటి పెద్ద డిస్టిలరీలో కాచిన సరుకు చాలావరకు ట్యాంకర్లలో ఫెర్రీ ఎక్కి ప్రధానభూభాగం గోదాముల్లో ముదురుతుంది. లాగవూలిన్, కలీలా, పోర్ట్ ఎలెన్ లండన్‌లోని డియాజియోవి. లఫ్రోయిగ్, బౌమోర్ జపాన్ సంటోరీవి. ఆర్డ్‌బెగ్ ఫ్రాన్స్‌కు చెందిన ఎల్‌వీఎంహెచ్ సామ్రాజ్యంలో భాగం. ఎక్సైజ్ పన్ను లండన్ ఖజానాకు పోతుంది. ద్వీపానికి మిగిలేవి కొన్ని ఉద్యోగాలు, పర్యాటకులు, ఇళ్ల కొరత, ఫెర్రీలో చోటు కోసం ట్యాంకర్లతో పోటీ. కొత్త ఫెర్రీలకు 2022లో టర్కీలో ఆర్డరిచ్చారు. ఇన్ని కోట్ల సరుకు ఎగుమతి చేసే ఊరు పడవ కోసం ఎన్నేళ్లు అడిగిందో తలచుకుంటే, ముడిసరుకు పండే మన జిల్లాలు గుర్తుకు రాక మానవు.

చట్టం కంపెనీల పక్షాన సుఖంగా ఉంది. 2009 స్కాచ్ విస్కీ నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు స్కాట్లండ్‌లో ఓక్ పీపాలో ఉండాలి. ‘ఐలా’ అని రాసుకోవాలంటే అక్కడ కాస్తే చాలు. అక్కడే ముదరాలని లేదు, అక్కడి గింజే కావాలనీ లేదు. ఇంకో విచిత్రం చూడండి. తమ విస్కీలో ఏ వయసు సరుకు ఎంత కలిపామో పూర్తిగా చెబుతామని కంపాస్ బాక్స్ సంస్థ 2015లో ముందుకొస్తే, కుదరదన్నారు. అన్నిటికన్నా చిన్న సరుకు వయసు తప్ప మిగతావి ప్రకటించరాదట. మోసం చేసేవాణ్ణి అడ్డుకోవడానికి పుట్టిన నిబంధన నిజం చెప్పేవాడి నోరు కట్టింది.

చెప్పదలచుకున్నవాళ్లకు దారులు లేకపోలేదు. బ్రుక్‌లాడీ 1994లో మూతపడి, 2001లో కొందరు ప్రైవేటు పెట్టుబడిదారుల చేతుల్లో మళ్లీ తెరుచుకుంది. ద్వీపం రైతుల చేత బార్లీ వేయించి, ఏ పొలంలో పండిందో సీసా మీద రాశారు. గోదాములూ అక్కడే. 2012లో ఫ్రెంచి కంపెనీ రెమీ కాంత్రూ 5 కోట్ల 80 లక్షల పౌండ్లకు దాన్ని కొన్నా ఆ పద్ధతి నిలిచింది. 2005లో ఒక కుటుంబం మొదలుపెట్టిన కిల్‌హోమన్ గింజ పండించడం నుంచి సీసాలో నింపడం దాకా ఐలాలోనే జరిగే ఒక రకాన్ని ఏటా తెస్తోంది. పెద్ద కంపెనీలకూ ఒకప్పుడు ఈ ఇంగితం ఉంది. పోర్ట్ ఎలెన్‌లో 1973లో కట్టిన మాల్టు కర్మాగారం మూతపడే ప్రమాదం వస్తే, 1987లో ద్వీపంలోని డిస్టిలరీలు తమకు కావాల్సిన మాల్టులో కొంత అక్కడే కొంటామని ఒప్పందం రాసుకున్నాయి. అది స్థానికులకు ఉద్యోగాలు నిలబెట్టింది. దాని పక్కనే 1983లో మూతపడ్డ డిస్టిలరీని డియాజియో 2024 మార్చిలో మళ్లీ వెలిగించింది. కొత్త బట్టీలకు పెట్టిన శ్రద్ధలో కొంత ఆ పాత ఒప్పందపు స్ఫూర్తికీ పెడితే బాగుండు.

ఇదంతా మనకెందుకంటే, 2025 జులై 24న సంతకాలైన భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందం ఉంది. స్కాచ్ మీద మన 150 శాతం సుంకం 75కు, పదేళ్లలో 40కి దిగాలి. సీసాల లెక్కన స్కాచ్‌కు అతిపెద్ద మార్కెట్లలో మనది ఒకటి. గోవాలో పాల్ జాన్ ఐలా పీట్ తెప్పించుకుని వాడుతోంది. బెంగళూరు అమృత్ పీట్ పొగ పట్టించిన బార్లీని స్కాట్లండ్ నుంచి తెస్తుంది. అంటే ఆ పీట్ గుంటలో కొంత మనమూ తవ్వుతున్నాం. పోచంపల్లి పేరు పెట్టి మరమగ్గం ముద్ర గుడ్డ అమ్మితే చేనేత కార్మికుడి తరఫున మనం అరుస్తాం. అదే న్యాయం ఐలా పీట్ కోసేవాడికి, బార్లీ రైతుకు వర్తించదా?

సుంకం తగ్గించే దేశానికి అడిగే హక్కు ఉంటుంది. దిగుమతయ్యే ప్రతి సీసా వెనక మన నిబంధనల ప్రకారం ఇప్పటికే ఒక కాగితం అంటిస్తున్నారు. దిగుమతిదారు పేరు, చిరునామా దాని మీద ఉంటాయి. ద్వీపం పేరో, ఊరి పేరో చెప్పి అమ్మే విస్కీకి ఆ కాగితంలో మూడు వరుసలు చేర్చాలని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థను కోరుతున్నాం: గింజ ఎక్కడ పండింది, పీట్ ఎక్కడ తవ్వారు, పీపా ఎన్నేళ్లు ఎక్కడ ఉంది. అమృత్‌కూ, పాల్ జాన్‌కూ అదే నియమం పెట్టాలి.