పిల్లల లెక్క సరే, బురద లెక్క ఏది?

చెరువుల్లో ఎన్ని లక్షల చేపపిల్లలు వదిలారో ఏటా చెబుతారు. వాటికి అడుగున తిండి ఎంత ఉందో మాత్రం ఆ లెక్కల్లో ఉండదు. తెలంగాణలో 2016-17లో ఉచిత పంపిణీ మొదలైంది. వేసవిలో ఎండే చెరువులకు బొచ్చె, రోహుతోపాటు బంగారుతీగ (కామన్ కార్ప్) పిల్లలనూ ఇస్తున్నారు. మా అభ్యంతరం ఈ మూడో చేప మీద కాదు, దాని వాటాను బురద చూడకుండానే తేల్చడం మీద.

బంగారుతీగ మూతి చాచి బురదను పీలుస్తుంది. పురుగును మింగి మన్ను ఉమ్మేస్తుంది. నత్తగుల్లలను గొంతుపళ్లతో నలుపుతుంది. దాని ముఖ్యాహారం ఎర్రపురుగులు, అంటే కుట్టని ఒక జాతి దోమల పిల్లలు. ఇవి బురదలో గొట్టం కట్టుకుని, ఒళ్లు ఆడిస్తూ నీటిని లోపలికి తోస్తాయి. అలా ప్రాణవాయువు అందిన బురద పైపొర భాస్వరాన్ని పట్టి ఉంచుతుంది.

చేపలు మితిమీరితే పెద్ద పురుగులు ముందు పోతాయి, సన్నవీ లోతున ఉన్నవీ మిగులుతాయి. వాటికోసం చేప ఇంకా తవ్వుతుంది. నీరు బురదవుతుంది, వెలుతురందక నీటిమొక్కలు చస్తాయి, వాటిని పట్టుకుని బతికే నత్తలూ పోతాయి. భాస్వరం పైకి లేచి పచ్చనాచు కమ్ముతుంది. చేపలు మాత్రం గిడసబారి ఉంటాయి. పైగా ఇది రోహులా పారే నీటి కోసం ఆగదు, నిలవనీటిలోనే గుడ్లు పెడుతుంది. వేసవిలోనూ మడుగు మిగిలే చెరువులో పాత చేపలుండగానే కొత్త పిల్లలు వచ్చిపడతాయి.

పూడిక తీసిన చెరువుల్లో మట్టితోపాటు పురుగులూ పొలాలకు తరలిపోయాయి. ఎర్రపురుగుల తల్లులు ఎగిరొచ్చి వారాల్లోనే మళ్లీ గుడ్లు పెడతాయి. ఆల్చిప్పలకు ఆ వీలు లేదు. వాటి పిల్లలు చేపల మొప్పలకో రెక్కలకో అంటుకునే పెరగాలి. తినే చేపే కొన్నిటికి బండి కూడా!

పరీక్షకు పెద్ద ఖర్చేం లేదు. రెండంగుళాల పీవీసీ గొట్టాన్ని 15 సెంటీమీటర్లు గుచ్చి, పైకొన మూసి లాగాలి. గట్టువార, నడుమ, తూము దగ్గర మూడేసి చోట్ల తీసి, అర మిల్లీమీటరు జల్లెడలో కడగాలి. తెల్లపళ్లెంలో అదే రోజు లెక్కపెట్టాలి. బతికున్నవి కదులుతాయి గనుక కంటికి దొరుకుతాయి.

చేప ప్రభావమే తేల్చాలంటే చేపలు చొరబడని మీటరు చదరపు వలపంజరాన్ని నెలరోజులు అడుగున దించి, లోపలి పురుగులను బయటివాటితో పోల్చాలి. తప్పులు జరిగేది ఇక్కడే. వలకన్నులకు నాచు పట్టి నీటి కదలిక తగ్గితే లోపల మెత్తటి మన్ను పేరుకుంటుంది, దానివల్ల పురుగులు పెరిగినా చేపలు లేనందుకేనని పొరబడతాం. అందుకే పక్కనే, చేపలు వచ్చిపోయేలా రెండువైపులా తెరిచిన పంజరం ఒకటి పోలిక కోసం ఉండాలి. మూసిన పంజరంలో తూనీగపిల్లలు పెరిగితే చేపల బదులు అవే పురుగులను తింటాయి, తేడా కనబడదు. వాటినీ లెక్కించాలి.

మత్స్యశాఖ ఈ పని మత్స్యకారుల సొసైటీలకు నేర్పి, పిల్లలు వదిలేముందే చేయించాలి. పురుగులు పలచబడిన చెరువుకు బంగారుతీగ వాటా ఆ ఏడాదికి ఆపి, అడుగు బలంగా ఉన్న చెరువుకు పంపాలి.