"అయ్యుండొచ్చు" అన్న మాటతోనే పంపించేశాం

చివరి రెండేళ్లూ సాయంత్రం నాలుగయ్యేసరికి మా నాయనమ్మ రెండు చీరలు మూటకట్టుకుని వాకిట్లో కూర్చునేది. "మా ఇంటికి పోతాను." ఆ ఇల్లు తను దగ్గరుండి కట్టించుకున్నదే. సొంత కొడుకుని పట్టుకుని "బాబూ, మీరెవరి తాలూకు?" అనడిగితే, నాన్న పెరట్లోకి వెళ్లి కాసేపటి దాకా వచ్చేవాడు కాదు.

ఒక డాక్టరు "వయసు కదండీ" అన్నాడు. ఇంకొకాయన "అల్జీమర్స్ అయ్యుండొచ్చు" అన్నాడు. ఆ "అయ్యుండొచ్చు" తేలకుండానే దహనం చేసేశాం. ఆవిడ మెదడు పరిశోధనకు దానం చేసుంటే తేలేదేమో.

ఇప్పుడు స్కాన్లు, పరీక్షలు బాగానే మెరుగయ్యాయి. కానీ ముసలివాళ్ల మెదడులో తరచూ ఒక్క జబ్బే ఉండదు. అల్జీమర్స్, రక్తనాళాల దెబ్బ, లెవీ బాడీలు (మెదడు కణాల్లో పేరుకునే ప్రొటీన్ ముద్దలు) కలిసి ఉండొచ్చు. ఏది ఎంత అన్నది పోయాక మెదడుని మైక్రోస్కోపు కింద చూస్తేనే సరిగ్గా తేలుతుంది. అసలు అల్జీమర్ అనే డాక్టరు 1901లో చూసిన అగస్టే డేటర్ అనే ఆవిడ జబ్బు గుట్టు కూడా, 1906లో ఆవిడ పోయాక మెదడు పరీక్షిస్తేనే బయటపడింది.

ఎంఎస్ (మల్టిపుల్ స్క్లిరోసిస్) కథా అంతే. నరాల మీది మైలిన్ పొరను మన రోగనిరోధక శక్తే పాడుచేసే జబ్బు ఇది. చాలాకాలం దీన్ని మెదడు లోపల నరాల తీగలుండే తెల్లపదార్థం జబ్బుగానే చూశారు. మెదడు పైపొరలో, అంటే కణాలు ఎక్కువగా ఉండే బూడిదపదార్థంలో కూడా ఎన్ని మచ్చలుంటాయో దానంగా వచ్చిన మెదళ్లు చూపించాయి. మామూలు ఎమ్మారైలో వాటిలో చాలావరకు కనపడనే కనపడవు.

మెదడు, మానసిక జబ్బులు చూసే బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో 1995 నుంచీ బ్రెయిన్ బ్యాంకు ఉంది, దానంగా వచ్చిన మెదళ్లను పరిశోధన కోసం అక్కడ దాచిపెడతారు. మనలో ఎంతమందికి తెలుసు? కళ్లు ఇస్తామని ఫారాలు నింపుతాం, ఫొటో కూడా పెడతాం. మెదడనేసరికి "ఛీ, తల కోస్తారా" అంటాం! జుట్టు ఉండే చోటే కోత పెట్టి కుట్టేస్తారు, ముఖం చెక్కుచెదరదు, శరీరాన్ని ఇంటికిచ్చేస్తారు. కర్మలకు వచ్చిన అడ్డేంటో నాకు అర్థం కాదు. ఇంకో పొరపాటు: మెడికల్ కాలేజీకి దేహదానం చేస్తే ఇదీ అందులోనే అయిపోతుందనుకుంటారు. అక్కడ దేహం ప్రధానంగా డాక్టరు చదువు చదివేవాళ్ల అనాటమీ పాఠానికి. పరిశోధనకైతే మెదడు గంటల్లో చేరాలి, కొంత పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలోకి, కొంత ఫ్రీజర్‌లోకి వెళ్లాలి. జబ్బు లేనివాళ్ల మెదడు కూడా కావాలి, లేకపోతే దేనితో పోల్చి చూస్తారు?

నాదిస్తానని మొన్న పండక్కి ఇంట్లో చెప్పాను. "పండగపూట అవేం మాటలురా" అని అమ్మ వంటింట్లోకి పోయింది. తమ్ముడు మాత్రం బూరె నములుతూ, "ఎన్ని గంటల్లో ఫోన్ చెయ్యాలి?" అన్నాడు.