సవరణ: షుగరు ఉన్నవారికి ఇంప్లాంట్ పళ్లు

షుగరు ఉన్నవారికి ఇంప్లాంట్ పళ్లు (దవడ ఎముకలో మర బిగించి దానిపై అమర్చే పళ్లు) పనికిరావని మొన్న రాశాను. అది తప్పు. అమలాపురం, రాజోలు వైపు కొందరు పెద్దవాళ్లు అది చదివి ఆ ఆలోచనే మానుకున్నారని తెలిసి బాధ కలిగింది.

దంతవైద్యులు చెప్పేదీ, వైద్య పుస్తకాల్లో ఉన్నదీ ఇది: షుగరు అదుపులో ఉంటే పెట్టించుకోవచ్చు. అదుపు తప్పితేనే గాయం ఆలస్యంగా మానుతుంది, చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. దవడలో బిగించిన టైటానియం మర ఎముకతో కలిసిపోవడానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు పడుతుంది. ఆ గడువులో పొగ తాగడం నిజంగా చేటు చేస్తుంది. మన లంక గ్రామాల్లో చుట్ట అలవాటున్నవారు ఆ సంగతి డాక్టరుకు దాచవద్దు. హెచ్‌బీఏ1సీ పరీక్ష ఫలితం కూడా వెంట తీసుకువెళ్లండి. గత రెండు మూడు నెలల షుగరు సగటు అందులో తెలుస్తుంది.