ఆ తాళంచెవి సంగతి కూడా రాయాల్సింది

ఫ్యాక్టరీల మీద జరిగే సైబర్ దాడుల గురించి మీరు వేసిన వ్యాసంలో, స్టక్స్‌నెట్ అనే కంప్యూటర్ వైరస్ వల్ల ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రంలో యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజులు దెబ్బతిన్న తీరు బాగా వివరించారు. కానీ నన్ను ఎక్కువ భయపెట్టేది 2017లో సౌదీ అరేబియాలోని ఒక పెట్రోకెమికల్ ప్లాంట్‌లో బయటపడిన ట్రైటన్ అనే మరో హానికర ప్రోగ్రామ్. అది గురిపెట్టింది మనుషుల ప్రాణాలు కాపాడే వ్యవస్థ మీదే. ప్రెషర్, టెంపరేచర్ హద్దు దాటితే ప్లాంట్‌ని దానంతటదే ఆపేసే ట్రైకోనెక్స్ అనే బ్రాండ్ సేఫ్టీ కంట్రోలర్లలోకి చొరబడింది.

ఆ కంట్రోలర్‌కి తాళంచెవితో తిప్పే ఒక కీ స్విచ్ ఉంటుంది. 'రన్'లో పెడితే లోపలి ప్రోగ్రామ్ మార్చడం కుదరదు. అక్కడ అది మార్పులకు వీలిచ్చే 'ప్రోగ్రామ్'లోనే ఉండిపోయింది! అదృష్టం బాగుండి, కంట్రోలర్‌లోని ప్రాసెసర్ల మధ్య లెక్క కుదరక ప్లాంట్ ఆగిపోయింది. అలా ఆగబట్టే విషయం బయటికొచ్చింది.

నేను పదిహేనేళ్లుగా ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో, అంటే ప్లాంట్‌లోని మీటర్లు, కంట్రోలర్లు చూసుకునే పనిలో ఉన్నాను. మళ్లీ మార్చాల్సి వస్తుంది కదా అని ఆ చెవిని అలాగే వదిలేయడం కళ్లారా చూశాను. రాత్రి షిఫ్టులో అది గుర్తొస్తే ఇప్పటికీ టెన్షనే. గల్ఫ్ ప్లాంట్లలో మన తెలుగువాళ్లు ఎంతోమంది ఉన్నారు. షిఫ్ట్ మారేటప్పుడు స్విచ్ ఎక్కడుందో లాగ్‌బుక్‌లో ఒక్క ముక్క రాయండి, చెవి తీసి ఇన్‌ఛార్జి చేతికివ్వండి.